నలుగురంటే ఎందరు?

పోయినవారం మిమ్మల్ని కంప్యూటర్ల గదిలో నిలబెట్టి నా దారిన నేను వెళ్ళిపోయాను. ఈ వారమే కొత్తగా చదువుతున్నవాళ్ళు ఉంటే వాళ్ళకోసం నాలుగు ముక్కలు చెప్పి, అక్కడినుంచే మొదలుపెడతాను.

నేను ఒక అంతర్జాతీయ ఆరోగ్య సంస్థ దేశ కార్యాలయంలో లెక్కలు తీసుకునే మనిషిని. పదిహేనేళ్ళలోపు పిల్లల్లో ఎవరికైనా ఉన్నట్టుండి కాలో చెయ్యో చచ్చుబడితే అది పోలియో కావచ్చు, కాకపోవచ్చు. ఏదైనా సరే, ఆ వారం అలాంటి పిల్లలు ఎందరున్నారో నలభై ఒక్క జిల్లాలూ బుధవారం మధ్యాహ్నం పన్నెండు లోపల నాకు చెప్పాలి. ఎవరూ లేకపోతే సున్నా అని చెప్పాలి. ఆ సున్నా కోసం నేను పెట్టే పోరు పడలేక జనం నాకు సున్నాలమ్మ అని పేరు పెట్టారు. నా మొహం మీద ఎవరూ అనరు, లిఫ్టులో నా వెనక నిలబడి అంటారు.

ఈ శుక్రవారం ముగ్గురు నిపుణుల కమిటీ వచ్చి, ఈ దేశంలో ఇక పోలియో లేదని సంతకాలు పెట్టబోతోంది. వాళ్ళ ముందు పెట్టాల్సిన కాగితాలు సర్దుతుంటే నలభై ఒకటో వరుస దగ్గర నా వేలు ఆగింది. అది నది అవతలి చివరి జిల్లా. పదహారు వారాలుగా వరసగా సున్నాలు. పదహారూ సరిగ్గా పన్నెండింటికే చేరాయి, ఒక్క సెకను అటూ ఇటూ కాకుండా. అంత ఠంచనుగా పనిచేసే మనిషిని నా ముప్పయ్యేళ్ళ సర్వీసులో నేను చూడలేదు. కంప్యూటర్లు చూసే తీగలాయన్ని అడిగితే ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, "అవి మనుషులు వేసిన సున్నాలు కావమ్మా" అన్నాడు.

అక్కడే కదా ఆపాను.

"మనుషులు కాకపోతే దయ్యాలు వేశాయా?" అన్నాను.

తీగలాయన మామూలుగా నా ఎత్తిపొడుపు మాటలకి నవ్వుతాడు. ఆ పూట నవ్వలేదు. గోడ గడియారం చూసి, పక్కనున్న కుర్చీ నా వైపు లాగాడు.

"ఇవాళ బుధవారమే కదా. పన్నెండుకి ఇంకా ఆరు నిమిషాలుంది. కూర్చోండి, మీ కళ్ళతో మీరే చూద్దురుగాని."

కూర్చున్నాను. తెర మీద నలభై ఒక్క వరుసలు. నలభైలో ఈ వారం గడి నిండింది, ఎక్కువ సున్నాలు, అక్కడక్కడా ఒకటి, ఒకచోట రెండు. నలభై ఒకటో గడి మాత్రం తెల్లగా ఉంది. ఆ తెల్లటి గడిని చూస్తూ ఆరు నిమిషాలు కూర్చోవడం ఎంతసేపనిపించిందో మీకు చెప్పలేను. పైన ఫ్యాను కిరకిరమంటోంది.

పన్నెండయింది. ఎవరూ ఏ మీటా నొక్కలేదు. తెల్లటి గడిలోకి ఒక సున్నా వచ్చి కూర్చుంది. ఎంత బుద్ధిగా వచ్చిందంటే, విషయం తెలియనివాళ్ళు చూస్తే ముచ్చటపడతారు.

"పదిహేడోది" అన్నాడు తీగలాయన.

కుర్చీ తెరకి ఇంకా దగ్గరగా లాక్కున్నాను.

మా పనిలో సున్నాకీ ఖాళీకీ ఉన్న తేడా ఏమిటో తొమ్మిదేళ్ళుగా నేను ఊరూరా తిరిగి నేర్పాను. సున్నా అంటే వెతికాను, ఎవరూ కనబడలేదు అని. ఖాళీ అంటే ఎవరూ వెతకలేదు అని, లేకపోతే వెతకాల్సిన మనిషే లేదని. సున్నా వస్తే ఊపిరి పీల్చుకోవచ్చు. ఖాళీ కనబడితే చెప్పులేసుకుని బయల్దేరాలి. బల్లమీద చాక్‌పీసుతో రెండు గడులు గీసి, ఒకదాంట్లో సున్నా చుట్టి, రెండోది వదిలేసి, "ఈ రెండూ ఒకటేనా?" అని అడిగేదాన్ని. నర్సులందరూ గొంతెత్తి "కాదు" అనేవాళ్ళు.

ఆ రెండూ ఒకటే అని ఒక యంత్రానికి ఎవరు నేర్పారు?

"ఇది మన దగ్గర జరిగే పని కాదమ్మా" అన్నాడు తీగలాయన. "పద్నాలుగు దేశాల లెక్కలూ ప్రాంతీయ కార్యాలయంలో ఒకే యంత్రంలో పడతాయి. గడువు దాటాక ఖాళీగా ఉన్న గడిని సున్నాతో నింపమని అక్కడ దానికి చెప్పారు. మన దేశానికి మాత్రమే. మిగతా పదమూడింటికి లేదు."

"మనకి మాత్రమే ఎందుకు?"

"ఎవరో అడిగారు."

"ఎవరా మహానుభావుడు?"

తీగలాయన తెర వైపు తిరిగాడు. ఏదో నొక్కాడు. ఒక ఉత్తరం తెర మీదికి వచ్చింది. పద్నాలుగు నెలల కిందటిది. 'మా దేశపు పటంలో సమాచారం అందని జిల్లాలు ఎర్రగా కనిపిస్తున్నందువల్ల సభ్యదేశానికి ఇబ్బంది కలుగుతోంది. గడువు దాటిన ఖాళీ గడులను తగిన విధంగా పూరించవలసిందిగా కోరుతున్నాము.'

కింద సంతకం నాది.

తల కొట్టేసినట్టయింది. తీగలాయన మంచివాడు, నా వైపు చూడకుండా కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ మళ్ళీ తుడిచాడు.

ఆ ఉత్తరం ఎందుకు రాశానో నాకు బాగా గుర్తుంది. ప్రాంతీయ సమావేశంలో పెద్ద హాలు, పెద్ద తెర, ఒక్కో దేశం పటం వరసగా వేస్తున్నారు. మాది వచ్చేసరికి అక్కడక్కడా ఎర్ర మచ్చలు. ఆరోగ్య శాఖ డైరెక్టరమ్మ నా పక్కనే కూర్చుని ఉంది. ఆవిడ చెవులు కూడా ఎర్రబడ్డాయి. టీ విరామంలో నన్ను పక్కకి తీసుకెళ్ళి, "అందరి ముందూ పరువు పోయింది. మీ సంస్థ ఉన్నది మాకు సాయం చేయడానికేగా, ఆ ఎరుపు ఏదో ఒకటి చేయండి" అంది. నేను సాయం చేశాను. తగిన విధంగా అని రాశాను. సున్నా పెట్టమని రాయలేదు. కానీ ఆ మాట చదివినవాళ్ళు ఎవరో నాలాగే పని నెత్తి మీద పడ్డ మనిషి అయ్యుంటారు. తగిన విధం అంటే సున్నా అనుకున్నారు. పటం మర్నాటికల్లా పచ్చగా అయింది. డైరెక్టరమ్మ పూలగుత్తి పంపింది.

ఇంకా సిగ్గుపడే సంగతి ఒకటుంది. అది తీగలాయనకి చెప్పలేదు. మీకు చెబుతాను.

ఈ యంత్రం రాకముందు ప్రతి బుధవారం నేను నలభై ఒక్క జిల్లాలకీ ఫోన్ చేసేదాన్ని. చిట్టచివరి ఫోను నది అవతలికి. అక్కడ పనిచేసే నర్సమ్మని నేను ఒక్కసారి కూడా చూడలేదు. పొట్టో పొడుగో తెలియదు. కానీ ఆరేళ్ళపాటు ప్రతి బుధవారం ఆమె గొంతు విన్నాను. మొదటివారమే నాకు పెళ్ళి కాలేదని ఆరా తీసి, "మా అన్నకీ కాలేదు, నిన్ను వదినా అనేస్తే ఓ పనైపోతుంది" అంది. ఆ అన్నకి ఆ తర్వాత ఏడాదే ఎవరితోనో పెళ్ళయింది. నా పదవి పోయింది గానీ పిలుపు పోలేదు. నేను ఆమెని ఆడపడుచూ అనేదాన్ని. ఫోనెత్తగానే "వదినా, ఉన్నావా?" అనేది. "ఉన్నాను, చెప్పు" అనేదాన్ని. లెక్క చెప్పడానికి ఒక్క నిమిషం, మిగతా ఇరవై నిమిషాలూ ఆమె ఆస్పత్రి కప్పు ఎలా కారుతోందో, పడవ నడిపేవాడు ఎలా విసుక్కుంటాడో, టీకా వేయించుకోవడానికి వచ్చిన ముసలాయన సూది చూసి ఎలా పరుగెత్తాడో. మిగతా జిల్లాలవాళ్ళు ఎవరూ నన్ను "తిన్నావా?" అని అడగలేదు.

యంత్రం వచ్చాక, ఇకమీదట ఫోన్లు అక్కర్లేదని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఏ నర్సమ్మకా నర్సమ్మ తన ఫోనులోనే లెక్క నింపేస్తుంది. ఆ మొదటి బుధవారం నలభై ఒకటో గడిలో సున్నా కనబడగానే, ఆహా, బాగానే ఉంది, అనుకున్నాను. ఫోన్ చేద్దామనుకున్నాను. పని లేకుండా చేస్తే ఏమనుకుంటుందో అనిపించింది. వచ్చేవారం చేద్దాంలే అనుకున్నాను. పద్నాలుగు నెలలు అలాగే గడిచిపోయాయి. ప్రతి బుధవారం ఆ సున్నాలోనే ఆమె గొంతు వెతుక్కున్నాను. ఆఖరి నాలుగు నెలలూ నేను పలకరించుకుంటున్నది ఒక యంత్రాన్నని ఇప్పుడు తెలిసింది.

మా తమ్ముడు నెలకోసారి ఫోన్ చేస్తాడు. "ఏం విశేషాలక్కా?" అంటాడు. "ఏం లేవురా" అంటాను. అది సున్నానా, ఖాళీనా అని వాడు ఎప్పుడూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఉత్తరం అచ్చు తీయించి, పట్టుకుని మెట్లెక్కాను. మా ప్రతినిధిగారి గది మూడో అంతస్తులో ఉంటుంది. మెట్ల పక్క గోడ మీద మా సంస్థ అమరిక బొమ్మ గీసి తగిలించారు. అన్నిటికంటే పైన సభ్యదేశాల మహాసభ, ఏడాదికోసారి మంత్రులందరూ కూర్చుని ఏం చేయాలో తేల్చేది. దాని కింద ప్రధాన కార్యాలయం, నియమాలు రాసేది. దాని కింద ప్రాంతీయ కార్యాలయాలు. ఇంకా కింద దేశ కార్యాలయాలు, అందులో ప్రతినిధి, ఆయన కింద మేము. గడులూ గీతలూ, గడులూ గీతలూ. అన్నిటికంటే అడుగున ఉన్నది నా గడి. దాని కింద గీత లేదు. నర్సమ్మ ప్రభుత్వ ఉద్యోగి, మా బొమ్మలో ఆమెకి చోటు లేదు. పైన ఇన్ని గడులు నిలబడింది ఆమె ఇచ్చే ఒక్క అంకె మీద, ఆమె మాత్రం ఎక్కడా లేదు. రోజూ ఎక్కే మెట్లే, ఆ బొమ్మ ముందు ఎప్పుడూ అలా నిలబడలేదు.

ప్రతినిధిగారు పరదేశి. తొమ్మిది దేశాల్లో పనిచేసి మూడేళ్ళ కిందట ఇక్కడికి వచ్చారు, ఇంకో రెండు నెలల్లో రిటైరవుతారు. భార్య పోయి చాలా ఏళ్ళయింది. గది మూలన ఒక పెట్టె ఎప్పుడూ సర్దే ఉంటుంది. మన భాష పుస్తకం చూసి నేర్చుకున్నారు. వ్యాకరణంలో మనందరికంటే ఆయనే నయం, జాతీయాలు మాత్రం తలకెక్కవు. నేనోసారి "గుండె రాయి చేసుకున్నాను సార్" అంటే, కంగారుపడి డాక్టరుకి చూపించుకోమన్నారు. డ్రైవరు "మీ చెవిలో పువ్వు పెట్టారు సార్" అంటే చెవి తడుముకున్నారు. మేమంతా చాటుగా నవ్వుకున్నాం. ఆయన మీద నాకు గౌరవం. మధ్యాహ్నం ఒక్కరే కిటికీ వైపు తిరిగి భోంచేస్తారు, నేను నా గదిలో గోడ వైపు తిరిగి భోంచేస్తాను. ఇద్దరం ఒకే జాతి మనుషులమని నాకు అనిపించేది.

"సార్, చివరి జిల్లా సున్నాలు అబద్ధం" అన్నాను తలుపు దగ్గర నుంచే.

"కూర్చో అమ్మా."

కూర్చోలేదు. ఉత్తరం బల్లమీద పెట్టి, జరిగిందంతా చెప్పాను. ఆయన ఉత్తరం రెండుసార్లు చదివారు.

"ఇందులో నీ తప్పేముంది? ప్రభుత్వం అడిగింది. మనం సాయం చేశాం. మన ఉద్యోగమే అది."

"నేను చేసింది సాయం కాదు సార్. ఎర్ర మచ్చకి పచ్చరంగు పూశాను. ఆ జిల్లాలో పదిహేడు వారాలుగా ఎవరూ వెతకలేదు. నర్సమ్మ ఉందో లేదో కూడా తెలియదు."

"శుక్రవారం అయిపోనీ. వచ్చేవారం డైరెక్టరమ్మతో మాట్లాడి, వాళ్ళ చేత అడిగించుకుని, ఒక బృందాన్ని పంపుదాం."

"శుక్రవారం కమిటీ సంతకాలు పెట్టేస్తుంది కదా!"

"పెట్టనీ."

ఆయన అంత చల్లగా అనేసరికి నాకు ఒళ్ళు మండింది. ఈ మూడేళ్ళలో మొదటిసారి ఆయన ముందు గొంతు పెంచాను.

"కమిటీ సంతకం పెట్టాక ఆ జిల్లా వైపు ఇంక ఎవరు చూస్తారు సార్? టీకాల బళ్ళు ఆగిపోతాయి. వెతికే మనుషుల్ని వేరే పనులకి పంపేస్తారు. అక్కడ నిజంగా జబ్బు ఉంటే?"

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు.

"చూడమ్మా, మనం ప్రభుత్వం కాదు. మనకి ఆస్పత్రులు లేవు, నర్సులు లేరు, ఒక్క ఊళ్ళో ఒక్క తలుపు తట్టే అధికారం లేదు. దేశాలన్నీ కలిసి పెట్టుకున్న సంస్థ మనది. వాళ్ళు పిలిస్తే వెళతాం. అడిగితే చెబుతాం."

"అడగకపోతే?"

"అడిగేవరకు ఎదురుచూస్తాం."

"పిల్లల కాళ్ళు ఎదురుచూడవు కదా సార్. కాలు పడిపోయిన పద్నాలుగు రోజుల్లోపల, రోజు తేడాతో రెండుసార్లు మలం నమూనా తీసి ఐసులో పెట్టి పంపితేనే అది పోలియోనో కాదో గట్టిగా తేలేది. ఆ పద్నాలుగు రోజులూ దాటితే ఇంక ఎవరేం చెప్పినా అనుమానమే. ఈ ముక్క మీకు నేను చెప్పాలా?"

నేను వదల్లేదు.

"ఎదురుచూడక్కర్లేని దారి కూడా మన నియమాల్లోనే ఉంది. అనుమానం వస్తే, ఇది నిజమేనా అని మనం దేశాన్ని అడగొచ్చు. ఒక్క రోజులో జవాబు చెప్పాలి. ఆ ప్రశ్న ఒకసారి ప్రాంతీయ కార్యాలయం పుస్తకంలో ఎక్కిందంటే దాన్ని ఎవరూ చెరపలేరు, కమిటీ చూసి తీరాలి. నేను రాస్తాను. మీరు సంతకం పెట్టండి."

"దేన్ని పట్టుకుని అడుగుతావు? ఖాళీ గడిని పట్టుకుని అడుగుతావా?" ఆయన ఇటు తిరిగారు. మొహం అలసిపోయి ఉంది. "పదిహేనేళ్ళుగా ఎన్ని వేలమంది ఎండలో వానలో తిరిగితే ఈ శుక్రవారం వచ్చిందో నీకు తెలుసు. నది అవతల నలుగురు పిల్లలకి కాళ్ళు పడిపోయాయని దేశం మొత్తాన్ని ఆపేయమంటావా?"

"ఆపమనే అంటున్నాను."

"అయితే ఒక మనిషి నోటిమాట తీసుకురా. పేరూ ఊరూ చెప్పి, నేను చూశాను అనే మనిషి. అప్పుడు సంతకం పెడతాను."

అది ఆయన మర్యాదగా కాదనడం. నలభై ఒకటో జిల్లాలో ఫోన్లు పనిచేయడం లేదని ఆయనకి తెలుసు. నాలుగు నెలల కిందటి వరదకి అక్కడి టవరు కూలిపోయిందని పేపర్లో వచ్చింది. నేను కూడా చదివాను, చదివి అయ్యో అనుకున్నాను, ఆ అయ్యోని నా గడితో కలపలేదు. యంత్రం సున్నాలు పంపిస్తూనే ఉంది కదా, నాకేం అనుమానం వస్తుంది.

కిందికి దిగి నా గదిలోకి వచ్చి కూర్చున్నాను. గదిలో ఒక బల్ల, ఒక బీరువా, రెండు కుర్చీలు. రెండో కుర్చీలో ఫైళ్ళుంటాయి. సొరుగు తీసి పాత నోట్‌బుక్ బయటికి లాగాను. ఆమె నంబరు చూడకుండా చెప్పగలను. అయినా చూసి నొక్కాను, తప్పు పోతే మళ్ళీ ధైర్యం చేస్తానో లేదో అని.

మోగింది.

టవరు కూలిన చోట మోగకూడదు. మోగింది. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. పద్నాలుగు నెలలు ఊరుకున్నదానికి ఇప్పుడు తొందరేమిటి అని నన్ను నేనే తిట్టుకుంటూ మూడోసారి చేశాను.

"ఎవరండీ?"

గొంతు కాస్త బొంగురుపోయింది. అదే గొంతు.

"నేను" అన్నాను.

అవతలినుంచి అంత పెద్ద కేక.

"వదినా! ఉన్నావా? బతికే ఉన్నావా? నిన్న టవరు లేచింది. లేచినప్పటినుంచీ మీ పాత నంబరుకి చేస్తూనే ఉన్నాను, అది పనిచేయట్లేదు. ఎక్కడికి పోయావు వదినా? ఫోన్ చేయడం ఎందుకు మానేశావు? నేనేమన్నా అనకూడని మాట అన్నానా?"

"నువ్వేం అనలేదే. నాదే బుద్ధి తక్కువ."

"నేను కూడా చేసి ఉండాల్సింది. పెద్దాఫీసు మనిషివి, నీకెన్ని పనులో అనుకున్నాను." ముక్కు చీదిన చప్పుడు వినబడింది. "తిన్నావా?"

అప్పుడు ఏడుపొచ్చింది. ఫోను దూరంగా పెట్టి ఏడ్చి, మళ్ళీ దగ్గర పెట్టుకున్నాను.

"ముందు నా ప్రశ్నకి జవాబు చెప్పు ఆడపడుచూ. ఈ నాలుగు నెలల్లో నీ దగ్గర కాళ్ళు పడిపోయిన పిల్లలు ఎవరైనా ఉన్నారా?"

"అదేంటి వదినా అలా అడుగుతావు? చెప్పాను కదా. నలుగురు."

"నలుగురంటే కొందరనా, లెక్క చెబుతున్నావా?"

"నీతో లెక్క తప్ప ఇంకేం చెబుతాను? ఒకటీ రెండూ మూడూ నాలుగు. పేర్లు, వయసులు, ఏ కాలో, ఏ రోజున పడిందో, అన్నీ రాసి పంపాను. టవరు లేదు కదా, పడవవాడి చేతికి కాగితాలిచ్చాను. మీ ఆఫీసుకే ఇమ్మన్నాను. అందినట్టు ముద్ర వేసిన చీటీలు నాలుగూ తిరిగొచ్చాయి. నా బీరువాలో ఉన్నాయి. ఎవరైనా వస్తారని రోజూ రేవు వైపు చూస్తూనే ఉన్నాను. ఎవరూ రాలేదు."

మన భాషలో నలుగురంటే లెక్క కాదు. నలుగురూ ఏమంటారో అంటాం, నలుగురిలో నవ్వులపాలయ్యాం అంటాం, ఎవరూ వేళ్ళు మడిచి లెక్కపెట్టరు. పైన గదిలో ఆయన నలుగురు పిల్లలకి అన్నప్పుడు నా చెవికి అలాగే వినబడింది, ఏదో కొందరికి అని. కానీ ఆయన పుస్తకం చూసి నేర్చుకున్న మనిషి. గుండె రాయి అంటే డాక్టరుని పిలిచే మనిషి. ఆయన నోట నలుగురు అంటే నాలుగే.

నేను ఆయనకి ఖాళీ గడి గురించే చెప్పాను. పిల్లలున్నారని నేను అననే లేదు, అది నాకే తెలియదు.

"వదినా, ఉన్నావా?"

"ఉన్నాను. ఆ నలుగురికీ ఎన్నాళ్ళయింది?"

"ఆఖరివాడికే ఏడు వారాలు దాటింది. వాళ్ళ విషయంలో ఇంక నమూనా తీసి లాభం లేదు, నాకు తెలుసు. అందుకే నిన్నటినుంచీ నీకోసం ఇంత కొట్టుకుంటున్నాను. అయిదోది ఉంది వదినా. ఆరేళ్ళ పిల్ల. ఎడమకాలు. కాగితం రాయలేదు, రెండు వారాలుగా పడవ రావట్లేదు. ఫోనులో నింపుదామంటే టవరు లేచినా మాటలే తప్ప నెట్టు రావట్లేదు. ఇవాళ్టికి పన్నెండో రోజు."

వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. మొదటి నమూనా ఇవాళ, రెండోది రేపు. ఎల్లుండితో పద్నాలుగు. ఎల్లుండి శుక్రవారం.

"ఐసుపెట్టె ఉందా?"

"పెట్టె ఉంది. ఐసు లేదు. అవతలి గట్టునుంచి ఎవరైనా తేవాలి. ప్రభుత్వం చెబితే తప్ప పడవ కదలదు. నువ్వేదైనా చేయగలవా వదినా? ఆ పిల్ల తల్లి పొద్దున్నుంచీ గుమ్మంలోనే కూర్చుంది."

ఆయన అడిగిన నోటిమాట నాకు దొరికింది. పేరుంది, ఊరుంది, చూసిన మనిషి ఉంది. ఒక చేత్తో ఫోను పట్టుకుని, రెండో చేత్తో తెర మీద ఆ ప్రశ్న పత్రం తెరిచాను. ఎందరు అన్న గడిలో అయిదు వేశాను. కింద ప్రతినిధి సంతకం అన్న గడి తెల్లగా ఉంది.

తలుపు దగ్గర చప్పుడైతే తల ఎత్తాను. ప్రతినిధిగారు. మూడేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా నా గదికి రాలేదు. చేతిలో ఒక కవరు ఉంది. పడవలో తడిసి ఆరినట్టు అంచులు ముడుచుకుని ఉన్నాయి.

"దొరికిందా అమ్మా ఆవిడ?" అన్నారు.

ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టలేదు. ఆమె కూడా వినాలనుకున్నాను.

"నలుగురు కాదు సార్. అయిదుగురు."

ఆయన మొహంలో రంగు పోవడం చూశాను. కవరు వైపు చూసుకున్నారు, నా తెర వైపు చూశారు. తర్వాత లోపలికి అడుగుపెట్టి, తలుపు మూసి, గడియ వేశారు. నాకూ గుమ్మానికీ మధ్య ఇప్పుడు ఆయన ఉన్నారు.

చెవిలో ఆమె గొంతు చిన్నగా వినబడింది.

"వదినా, ఉన్నావా?"

"ఉన్నాను" అన్నాను, ఆయన కళ్ళలోకే చూస్తూ. "ఈసారి ఎక్కడికీ పోను. ఆ పిల్ల పేరు చెప్పు."